మామ వేసిన నల్లగుండీలు

కర్నూలు,
బుధవారం.

ప్రియమైన లీలకు,

నీ ఉమామహేశ్ రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను అని మొదలుపెట్టడం ఉత్తరానికి మర్యాద. ఆ మర్యాదకే రాశాననుకో. మా క్షేమం ఎట్లాంటిదో కిందికి చదివేకొద్దీ నీకే తెలుస్తుంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను. మీ నాయన ప్రాణానికి భయం లేదు. కానీ ఆయన కాలు బాగాలేదు. పదిరోజులుగా పెద్దాసుపత్రిలో ఉన్నాం. వార్డు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

ఈ ఉత్తరం మన సందులో ఉండే ఏసన్న చేతికిస్తున్నాను. శుక్రవారం ఆయన డ్యూటీ కడప బస్సు మీదే. నీ చివరి పరీక్ష అయ్యి గేటు బయటికి వచ్చాకే ఇవ్వమని ఒట్టు పెట్టించుకున్నాను. ఫోన్లో ఎందుకు చెప్పలేదంటావు. పరీక్షలయ్యేదాకా హాస్టల్లో మీ ఫోన్లు తీసిపెట్టుకున్నారు కదా. వార్డెనమ్మకు చేస్తానంటే మీ నాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "దాని నర్సు చదువు నా కాలుతో ఆగాల్నా? గమ్మునుండు" అన్నాడు. గమ్మునున్నాను. గమ్మునుండడం నాకు ఈమధ్య బాగా అలవాటైంది. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను కానీ చెయ్యి సాగడం లేదు. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను.

వంటింటి రేకు నుంచి ఇంకా కారుతోందా అని అడిగావు. తారు పట్టీ వేశాను, ఆగింది. నీ మేకపిల్లను మీ చెన్నమ్మత్త బద్వేలు తీసుకుపోయింది, అక్కడ మేత బాగుందట. ఇంకా అదే బట్టల అంగట్లో ఉన్నావా, మళ్లీ మానేశావా అని అడిగావు. ఉన్నాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేను ఒకచోట ఇన్నాళ్లు ఉన్నది లేదు. బేతంచెర్లలో బండల పాలిష్ ఆరు నెలలు, లారీ మీద నాలుగు నెలలు, ఉల్లిగడ్డల మార్కెట్లో ఒక సీజను. మీ నాయన సావుకారుతో మాట్లాడి ఈ అంగట్లో పెట్టించినప్పుడు నువ్వు ఒక్కటే అడిగావు, ఒక్క ఏడాది ఒక పనిలో ఉండి చూపించు అని. పదకొండు నెలలైంది. ఎట్లా ఉన్నానో ఇప్పుడు చెప్తాను.

మా సావుకారు రాఘవేంద్రప్రసాద్ గారి కూతురు శ్రీవాసవి ఆషాఢం సేల్ ముందర బెంగుళూరు నుంచి వచ్చిందని పోయిన ఉత్తరంలో రాశాను కదా. మనుషులు పనిలో ఎందుకు నలిగిపోతారు, ఏం చేస్తే మనసుపెట్టి చేస్తారు అనేది అక్కడ చదువుకుని వచ్చింది. బిహేవియరల్ సైన్స్ అంటారట. ముందు వాళ్ల నాన్న అంగడినే బాగుచేస్తానంది. మంచి పిల్ల లీలా. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదువు.

వచ్చిన వారంలోనే మా పద్నాలుగు మందికీ పద్నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు తెప్పించి కౌంటర్ల వెనక వేయించింది. బేరం లేనప్పుడు కూర్చోమంది. ఒక్కరం కూర్చుంటే ఒట్టు. జాకెట్టు గుడ్డల కౌంటర్లో ఉండే సమీవుల్లా తన స్టూలు మీద లైనింగు గుడ్డలు పేర్చాడు. ఆ పిల్ల వచ్చి చూసి, "ఏమన్నా, కూచోమంటే గుడ్డల్ని కూచోబెట్టినావే?" అంది.

"అవి పొద్దన్నుంచి నిలబడుకోనుండాయమ్మా, పాపం" అన్నాడు వాడు.

అందరం నవ్వాం. మీ నాయన మాత్రం ఉన్నమాట చెప్పాడు. "సావుకారు నిలబడుకోనుంటే మేమెట్ల కూచుంటామమ్మా? మొదట కూచునేటోడు యాడుండాడు?"

ఆ పిల్ల ఆ మాట పుస్తకంలో రాసుకుంది. మర్నాడు వాళ్ల నాన్నను బతిమాలి నడిమధ్యలో స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆయన్ని చూసి మేమూ ఒక్కొక్కరం కూర్చున్నాం. పది నిమిషాలు అంగడంతా చల్లగా ఉంది. అప్పుడు గుమ్మంలోకి బేరం వచ్చింది. నలభై ఏళ్ల అలవాటు, సావుకారు లేచి నిలబడ్డాడు. ఆయనతో పాటు పద్నాలుగు మందీ లేచారు. అంతే, మళ్లీ ఎవరూ కూర్చోలేదు.

అప్పుడు గుండీల డబ్బా పెట్టింది. మూతకు సన్నగా కోత పెట్టిన స్టీలు డబ్బా, పక్కనే పళ్లెంలో తెల్ల చొక్కాగుండీలు, నల్ల చొక్కాగుండీలు. పొద్దున హారతి అయ్యాక అందర్నీ నిలబెట్టి చెప్పింది. "ఇంటికి పోయేటప్పుడు పిడికిట్లో ఒక గుండీ తీసుకోని దీంట్లో ఏయండి. ఈ పొద్దు పని బాగనిపిస్తే తెల్లది. అలిసిపోయి రేపు రాబుద్ధి కాకుంటే నల్లది. పేరు లేదు, ఎవురిదో మాకు తెల్దు."

"రెండూ ఏస్తే ఏమవుతుందమ్మా?" అన్నాడు సమీవుల్లా.

"చొక్కా కుట్టిస్తా. ముందు ఒకటే ఏయి."

రోజూ ఆ డబ్బాను మేడమీద తన గదికి తీసుకుపోయే పని నాకిచ్చింది. దానికి తాళం లేదు, మూతకు దారం కట్టుంటుంది. తాళం ఎందుకమ్మా వేయలేదు అని అడిగాను. "నిన్ను నమ్మినా కదా ఉమా" అంది.

మొదటి రోజు ఐదు నల్లవి వచ్చాయి. నేను అక్కడే ఉన్నాను. సావుకారు వాటిని బల్ల మీద వేరుగా పెట్టి, "ఐదుమంది! నా ఉప్పు తినేటోళ్లలో ఐదుమంది!" అన్నాడు. కోపంగా కాదు లీలా, ఇంట్లో ఎవరో చెయ్యి చేసుకుంటే చెప్పుకున్నట్టు అన్నాడు. నాకు అర్థమైంది ఒకటే, ఇది తెలుసుకోవడానికి పెట్టిన డబ్బా కాదు, ఏరివేయడానికి పెట్టిన డబ్బా అని. మర్నాడు పొద్దున్నే టీ బంకు దగ్గర అందరికీ చెప్పాను. "ఎవురప్పా నల్లవి ఏసింది? రేపు మన కడుపుమీద కొట్టుకుంటాం. తెల్లవే ఏయండి." అందరూ సరేనన్నారు.

మీ నాయన మాత్రం ఇంటికి వచ్చాక మెట్టు మీద కూర్చుని కాళ్లకు నీళ్లు పోసుకుంటూ అన్నాడు. "నేను నల్లదే ఏసినా. రేపూ అదే ఏస్తా. ముప్పయ్యేండ్ల నుంచి నన్నెవురూ అడగలేదు. అడిగినప్పుడు గూడా అబద్ధం చెప్తే ఈ నోరెందుకురా?"

నువ్వు అడిగిన మూడో మాట దగ్గరికి వచ్చాను. నాయన కాళ్లు ఎట్లా ఉన్నాయి అని రాశావు. ఇంతకుముందు అడిగినప్పుడు బాగున్నాయి, మాత్రలు వేసుకుంటున్నాడు అని జవాబు రాశాను. అది అబద్ధం. మాత్రలు వేసుకుంటున్న మాట నిజమే. కాళ్లు అప్పటికే దిమ్మెక్కిపోయి ఉన్నాయి. నేల తగులుతున్నట్టే లేదురా అనేవాడు. చక్కెర జబ్బులో అదేమిటో నేను నీకు చెప్పేదేముంది, నువ్వు చదివేదే అది.

నెల గడిచింది. ఆ పిల్ల వాళ్ల నాన్నతో ముందే ఒక మాట అనుకుందట. నల్లవి ఎక్కువగా వస్తే ఆదివారాలు కాక మనిషికి నెలకు ఇంకో రెండు సెలవులు, ఇంకో నలుగురు కొత్తవాళ్లు, పెద్దవాళ్లకు ఒంటిపూట. తెల్లవే వస్తే ఇంక ఆ మాట ఎత్తదు. లెక్క చూస్తే మొదటి రోజు ఐదు తప్ప నెలంతా తెల్లవే. ఆ పిల్లకు నమ్మకం కుదరలేదు. నన్ను మేడమీదికి పిలిచి అడిగింది.

"ఇంత తెల్లగా ఉండకూడదు ఉమా. బాగా అలిసిపోయినోడు గొడవ చేయడు, గమ్మునైపోతాడు. అట్లాంటోడు ఒక్కడన్నా ఉంటాడు. నిజంగా ఎవురూ ఏయలేదా?"

"లేదమ్మా. అందరూ బాగుండారు."

నా మాట నమ్మింది. మర్నాడు హారతి దగ్గర సావుకారు కళ్లు తుడుచుకున్నాడు. "మీరంతా సంతోషంగా ఉండారని నాకిప్పుడే తెలిసింది. శానా నిండుగా ఉండాది నాకు" అన్నాడు. నిజంగానే అన్నాడు లీలా, వేషం కాదు. ఆ సంతోషంలోనే శ్రావణం పోయేదాకా ఆదివారం సెలవు ఎత్తేశాడు. మూసే వేళ ఇంకో గంట పెంచాడు. స్టూళ్లు గోడౌన్లోకి పోయాయి.

వరలక్ష్మీ వ్రతం ముందురోజు పట్టుచీరల సెక్షన్ కిటకిటలాడింది. అక్కడ గద్దె మీద తెల్లదుప్పటి పరిచి ఉంటుంది, నీకు తెలుసు. కొనేవాళ్లు కూర్చుంటారు, చూపించేవాళ్లు చెప్పులు విడిచి ఆ దుప్పటి మీద నిలబడతారు. మీ నాయన పైఅర నుంచి చీరలు దించి పరుస్తున్నాడు. మైదుకూరు నుంచి వచ్చిన ఒకావిడ, "పెద్దాయనా, ఈ చీరకు మరకలుండాయే" అంది. చీరకు కాదు. దుప్పటి మీద ఆయన నడిచినమేర ఎర్రటి చుక్కలు. కాలు పైకెత్తి చూస్తే గుండుసూది. బొమ్మకు కట్టిన చీరల్లోంచి రాలేవి కదా, అది అరికాల్లో తలదాకా దిగి ఉంది. చుట్టూ మెత్తబడి చీము పట్టింది. ఎన్ని రోజుల నుంచి ఉందో ఆయనకే తెలియదు. సూది మీద నడుస్తూ చీరలు చూపించాడు మీ నాయన.

సావుకారు పరిగెత్తి వచ్చాడు. ఆ కాలు చూసి అట్లాగే నేలమీద కూలబడ్డాడు. "తిమ్మయ్యా, చెప్పకూడదా అప్పా?" అన్నాడు. మీ నాయన చేతిలో ఉన్న చీరను మడతపెట్టి పక్కన పెట్టాడు.

సూది తీసి కట్టు కట్టించాం. రెండు రోజులకు జ్వరం వచ్చింది, పాదం రంగు మారింది. ఇక్కడికి తీసుకొచ్చాం. చిటికెనవేలు, దాని పక్కవేలు తీసేశారు. డాక్టర్లు మంచిగానే చూస్తున్నారు. శనివారం పొద్దున పెద్ద డాక్టరు కట్టు విప్పి చూస్తాడు. నలుపు పైకి పాకకుంటే ఇంతటితో పోతుంది. పాకితే చీలమండ పైదాకా తీయాలి అన్నారు. కట్టు పైన కనపడే చర్మాన్ని గంటకోసారి చూసి వస్తున్నాను. నిన్నటికంటే నల్లగా అనిపిస్తుంది, మళ్లీ చూస్తే అట్లాగే ఉంది అనిపిస్తుంది. ఎవర్ని అడగాలో తెలియదు. నువ్వుంటే ఒక్క చూపులో చెప్పేదానివి.

మొన్న వాసవి యాపిల్ పండ్లు తీసుకుని చూడ్డానికి వచ్చింది. మీ నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎంత పిలిచినా తిరగలేదు. ఆ పిల్ల బయటికి వచ్చి, "నా మీద కోపంగా ఉండాడా?" అని నన్నడిగింది. నొప్పులమ్మా అన్నాను. ఆమె పోయాక మీ నాయన అన్న మాట విను.

"నెలంతా నల్లదే ఏసినా. ఒక్కటి కనపడలేదారా వాళ్లకి? ఆయమ్మ చూసి గూడా చూడనట్టు ఉండిందంటే... కాలుదేముందిలే. అదే నొప్పిగా ఉండాది నాకు."

ఆ నల్లవి ఆమెకు కనపడలేదు లీలా. వాటిని తీసేసింది నేను.

రెండో రోజు నుంచి మేడమెట్ల మలుపులో దారం విప్పి చూసేవాణ్ని. పదమూడు తెల్లవి, ఒక నల్లది. నల్లది జేబులో వేసుకుని పళ్లెంలోంచి తెచ్చిన తెల్లది వేసేవాణ్ని. రోజూ అదే పని. మీ నాయన ఉద్యోగం పోతుందన్న భయంతో చేశానని నీకు రాద్దామనుకున్నాను. రెండు కాగితాలు అట్లాగే రాసి చించేశాను. భయం సగమే. మొదటి వారంలోనే సావుకారు నాతో అన్నాడు, నెలంతా డబ్బా ఇట్లాగే తెల్లగా వస్తే కింది ఫ్లోరుకు నిన్ను ఇన్‌చార్జిని చేస్తా ఉమా, మనుషుల్ని నడిపించడం తెలిసినోడివి అని. నన్ను ఎవరూ ఎప్పుడూ దేనికీ పనికొస్తావని అనలేదు. బళ్లో అనలేదు, బండల దగ్గర అనలేదు. శ్రావణం మొదట్లో నాకు బూడిదరంగు చొక్కా ఇచ్చారు, జేబు మీద పేరు కుట్టి. ఆ చొక్కాతో ఫోటో తీసుకుని నువ్వొచ్చాక చూపిద్దామని దాచాను.

ఇంకొకటి ఉంది, అదీ రాసేస్తాను. సూది బయటపడ్డానికి ముందురోజు మీ నాయన నా దగ్గరికి వచ్చి, "ఉమా, ఈ పొద్దు ఒంటిపూట పంపించురా, పానం బాలేదు" అన్నాడు. నేను ఇన్‌చార్జిని కదా. "మామా, నిన్ను పంపిస్తే అల్లుడు మామను పంపినాడంటారు. ఈ రెండ్రోజులు ఓర్చుకో" అన్నాను. సరేలే నాయనా అని వెనక్కి పోయి నిలబడ్డాడు. సూది అప్పటికే కాల్లో ఉండి ఉంటుంది.

ఇంతవరకు రాసేసరికి లోపలి నుంచి మీ నాయన పిలిచాడు. "ఏం రాస్తాండావురా పొద్దన్నుంచి?" అన్నాడు. లీలకు ఉత్తరం అన్నాను. "ఏం రాసినావో చదువు, నేనూ ఒక ముక్క చెప్తా" అన్నాడు. మొదటి రెండు పేజీలు చదివి ఆపుదామనుకున్నాను. మేకపిల్ల దగ్గర నవ్వాడు. స్టూళ్ల దగ్గర నవ్వాడు. గుండుసూది దగ్గర కళ్లు మూసుకున్నాడు. ఆగితే చదువురా అన్నాడు. నా గొంతు నా మాట వినలేదు లీలా, చదువుకుంటూ పోయాను. అంతా చదివాను.

పక్క మంచం ఆయన రేడియో కట్టేశాడు. అప్పుడు మీ నాయన అడిగాడు.

"ఆ గుండీలు పారేసినావా?"

"లేదు మామా. దాచినా." నా సంచిలో పౌడరు డబ్బాలో ఉన్నాయి. ఎందుకు దాచానో నాకే తెలియదు, పారేయబుద్ధి కాలేదు.

"ఈడ పొయ్యి."

దుప్పటి మీద పోశాను. ఒక్కొక్కటే వేలితో జరుపుతూ లెక్కపెట్టాడు. ఇరవై ఐదు. "మొదటిరోజుది వాళ్ల దగ్గర్నే ఉండాది" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. తిడతాడని తలొంచుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మరి నువ్వేమేసినావు ఆ నెలంతా?"

"తెల్లవి."

"నీకు అలుపు లేదా?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. వార్డులో అందరి ముందర ఏడ్చాను. పొద్దున తొమ్మిదికి పోయి రాత్రి పదకొండుకు వచ్చి, పడుకుంటే కూడా కళ్లముందు చీరలు మడతలు పడుతుంటాయి. నీతో ఫోన్లో రెండు మాటలు మాట్లాడితే చిరాకు వస్తుంది, అందుకే బాగున్నా అని పెట్టేసేవాణ్ని. నీ మీద కోపం అనుకున్నావు. కోపం కాదు. అది నాకూ ఇప్పుడే తెలిసింది.

మీ నాయన నా తల మీద చెయ్యి వేయలేదు. క్షమించానని అనలేదు. నేను నీకు అబద్ధం రాయను. ఇట్లా అన్నాడు.

"రేపు హారతి కాడ అందరి ముందర ఇవి పొయ్యి. పేర్లు తెలీకూడదనింది ఆయమ్మ. ఇప్పుడు తెలియాల. తిమ్మయ్యవి అని చెప్పు. వాసవమ్మ మీద కోపంతో నేను గోడవైపు తిరిగినానే, దానికి గూడా నువ్వే జవాబు చెప్పుకో. నీతో నేను మాట్లాడేది లీల వచ్చినాక."

రేపు గురువారం పొద్దున పోతాను. సావుకారు హారతి పళ్లెం దించగానే గల్లాపెట్టె మీద పోస్తాను. ఆ తర్వాత పని ఉంటుందో ఉండదో తెలియదు. ఏడాదికి ఒక్క నెల తక్కువైంది, నీకిచ్చిన మాట తప్పుతానేమో. మా వాళ్లకు కూర్చునే స్టూళ్లు మళ్లీ వస్తాయో రావో అదీ తెలియదు. మీ నాయన కాలు మాత్రం శనివారం తేలుతుంది. ఉత్తరం అందగానే మారు ఆలోచన చేయకుండా ఏసన్న బస్సులోనే ఎక్కి రా. నన్ను ఏమైనా అను, ముందు ఆ కాలు చూడు.

ఒక్కటి మరిచాను. ఇన్‌చార్జి చొక్కాకు గుండీలు నల్లవే. పైది ఒకటి తెంపి ఆ పౌడరు డబ్బాలో వేశాను. రేపు పోసేటప్పుడు ఇరవై ఐదు తిమ్మయ్యవి, ఒకటి ఉమామహేశ్‌ది అని చెప్తాను.

ఇట్లు,
మీ నాయన ఇంకా పలకరించని అల్లుడు,
నీ పెనిమిటి,
ఉమామహేశ్.